ముగ్గురం, ఒకే బాత్రూమ్: చివరి నిమిషం మనిషిని కదిలించేదెలా?

తిరుపతి బైరాగిపట్టెడలో అద్దె పోర్షన్. ముగ్గురం, బాత్రూమ్ ఒకటే. గీజర్ 15 లీటర్లు, 2 కిలోవాట్లు. ఆ వేణ్ణీళ్లకి చన్నీళ్లు కలిపితే రెండు బకెట్లొస్తాయి, మళ్లీ కాగడానికి దాదాపు 20 నిమిషాలు. అందరం 7:30కల్లా బయటపడాలి.

ఒకరు రాత్రే ఇస్త్రీ బట్టలు కుర్చీ మీద పెట్టుకుని 5:15కి లేచే రకం. నేను కాఫీ పడేదాకా మాట పెగలని రకం. మూడో అతను 7:05 దాకా దుప్పట్లోనే ఉండి, బ్రష్షు నోట్లో పెట్టుకుని సాక్సు వెతుక్కునే రకం. సరిగ్గా గీజర్ చల్లబడ్డాకే బకెట్ పట్టుకొస్తాడు. బద్ధకం అనలేను, రాత్రి ఒంటిగంట దాకా చురుగ్గా పనిచేస్తాడు.

గోడకి టైమ్‌టేబుల్ అంటించాం, నాలుగు రోజులు నడిచింది. అలారం ఫోను వంటింట్లో పెడితే స్నూజ్ నొక్కి అక్కడే చాప మీద పడుకున్నాడు. గడియారం పది నిమిషాలు ముందుకి తిప్పితే మూడో రోజుకే ఆ పదీ తీసేసి లెక్కేసుకున్నాడు. ఆరింటికి కిటికీ తెరిచినా డిసెంబరులో వెలుతురు సరిగా రాదు. రాత్రి స్నానం చలికాలానికి సరే, మే నెల ఉక్కపోతలో పొద్దున మళ్లీ చేయాల్సిందే.

ఒకటి గమనించాను: టైము చెబితే మొండికేస్తాడు, 'నా తర్వాత నువ్వే' అంటే మాత్రం లేస్తాడు. కానీ ఆ మాట రోజూ ఎవరో ఒకరు చెప్పాలి.

ఇలాంటి మనిషి, ఎవరూ లేపకుండానే 6:30కి స్నానానికి వెళ్లేలా మీ ఇంట్లో పనిచేసిన ఏర్పాటు ఏంటి?