అప్‌డేట్: పిండిమర బెల్టులు ఒక పక్కే అరగడం ఆగింది

మోటారు స్టార్ట్ చేయగానే కీచుమంటూ, బి సెక్షన్ (బి సైజు) వి-బెల్టులు (వి ఆకారపు గాడిలో నడిచే రబ్బరు బెల్టులు) రెండూ ఒక పక్కే అరుగుతున్నాయని అడిగాను. బిగువు తక్కువే, కానీ అసలు కారణం మోటారు వంకర.

మెయిన్ ఆపి, రెండు పుల్లీల ముఖాల మీదుగా దారం లాగి చూస్తే మర పుల్లీకి రెండు అంచులా ఆనింది. మోటారు పుల్లీ వెనక అంచు దగ్గర 3 మి.మీ. సందు. బేస్ బోల్టులు వదులు చేసి, నాలుగు చోట్లా దారం తగిలేలా తిప్పాను. బెల్టులు జతగానే మార్చాలి. ఒక్కటే మారిస్తే, పాతది సాగి ఉంటుంది కాబట్టి లోడంతా కొత్తదాని మీదే పడుతుంది. స్క్రూడ్రైవర్‌తో ఎక్కించొద్దు, బెల్టు లోపలి దారాలు తెగుతాయి. మోటారును మర వైపు జరిపే వేయండి.

బిగువు: పుల్లీల మధ్య 640 మి.మీ., కాబట్టి నడుమ స్ప్రింగ్ త్రాసుతో, బెల్టు కంపెనీ పట్టికలో చెప్పిన బలంతో లాగితే 10 మి.మీ. వంగాలి (మీటరు దూరానికి 16 మి.మీ. లెక్కన). అంతకన్నా బిగిస్తే బేరింగులు వేడెక్కుతాయి. కొత్త బెల్టు మొదటి రోజే సాగుతుంది, మళ్లీ చూడాల్సిందే.