మూడో రోజు లేస్తానని తెలిసి చనిపోతే అది త్యాగం ఎలా అవుతుంది?

ఒంగోలు వాసి:
గుడ్ ఫ్రైడే నాడు, సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల ఆరాధనకు అమ్మతో వెళ్లాను. ఇంతకు మించిన త్యాగం లేదని పాస్టర్ గారు చెప్తుంటే నాకు ఒకటే అనుమానం. మూడో రోజు లేస్తానని యేసు శిష్యులకు ముందే చెప్పాడు. తిరిగొస్తుందని తెలిసి ఇచ్చేది త్యాగమా? 1878 జూలై 3న మన గుండ్లకమ్మ ఏట్లో, వెల్లంపల్లి దగ్గర, ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగలు. ఆదివారం పనికి రామన్నందుకు, జాతరలో డప్పు కొట్టబోమన్నందుకు దెబ్బలు తిన్నవాళ్లు ఆ తరంలో ఉన్నారు. మూడో రోజుకి తమ గతేంటో వాళ్లకు తెలియదు. నా లెక్కలో వాళ్లదే పెద్దది.

కావలి వాసి:
అన్నా, మీ ప్రశ్న కొట్టిపారేసేది కాదు. మా ఇంట్లో జరిగింది చెప్తాను. నాన్నకు లివర్ పాడైతే చెన్నైలో మా తమ్ముడు తన లివర్‌లో కొంత ఇచ్చాడు. కొన్ని నెలల్లో మళ్లీ పెరుగుతుందని డాక్టరు బొమ్మ గీసి మరీ చెప్పాడు. వాడికి అంతా అర్థమైంది. అయినా ముందురోజు రాత్రి ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని, "అన్నా, ఇంకో దారేమీ లేదా?" అన్నాడు. చేతులు పట్టుకుంటే మంచులా ఉన్నాయి. తెల్లారాక వాడే నడిచి లోపలికెళ్లాడు. పట్టుబడే ముందు గెత్సేమనే తోటలో ఈ బాధల గిన్నె తొలగించమని యేసు వేడుకున్న మాట చిన్నప్పటి నుంచి చదువుతున్నా, ఆ రాత్రే నాకు వినపడింది. లేస్తానని తెలిసినంత మాత్రాన సిలువ మీద ఆ ఆరు గంటల్లో ఒక్క నిమిషం తగ్గదు.

ఒంగోలు వాసి:
మీ తమ్ముడి సంగతి చదివి కళ్లు చెమర్చాయి. కానీ పేద విధవరాలు తనకున్న రెండు కాసులూ గుడిలో కానుక వేసినప్పుడు కొలత పెట్టింది యేసే కదా. ఎంత ఇచ్చిందని కాదు, ఇచ్చాక ఏం మిగిలిందని చూశాడు. ఆ కొలతతో చూస్తే లేచినవాడికి అన్నీ మిగిలాయి.

కావలి వాసి:
అన్నీ మిగల్లేదన్నా. లేచాక, నమ్మని శిష్యుడు తోమాకు చూపించింది మేకుల గాయాలే. చావును గెలిచిన ఒంటి మీద కూడా అవి మానిపోలేదు. మా తమ్ముడి లివర్ పెరిగింది, పొట్ట మీద కోత గుర్తు అలాగే ఉంది. వాడు చొక్కా విప్పితే నాన్న తల పక్కకు తిప్పుకుంటాడు. గుండ్లకమ్మ వాళ్లది చిన్నదని నేను చచ్చినా అనను. కానీ దెబ్బలు తినేటప్పుడు వాళ్లు పట్టుకున్నది, తమలాగే దెబ్బలు తిన్న ఆ దేవుణ్ణే. ఎవరిది పెద్దదని వాళ్లనే అడిగితే ఏం చెప్పేవాళ్లంటారు?