గాజువాక షెడ్డుకి ఎల్‌ఎల్‌పీనా, ప్రైవేట్ లిమిటెడా?

ప్రశ్న: ఆటోనగర్‌లో ఫ్యాబ్రికేషన్ పని. నేను, మా బావమరిది, ఇద్దరమే. వ్యాపారం అప్పు ఇంటి మీదకి రాకూడదు. షెడ్డు అద్దెది, కరెంటు బిల్లు ఓనరు పేరు మీదుంది. ఎల్‌ఎల్‌పీ (పరిమిత బాధ్యత భాగస్వామ్య సంస్థ), ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ, ఈ రెండిట్లో ఏది నయం?

జవాబు 1: బయటివాళ్లకి వాటాలిచ్చే ఆలోచన లేకపోతే ఎల్‌ఎల్‌పీ చాలండి. టర్నోవర్ 40 లక్షలు, పెట్టుబడి 25 లక్షలు దాటనంతవరకూ ఎల్‌ఎల్‌పీ చట్టం కింద ఆడిట్ అక్కర్లేదు. ప్రైవేట్ లిమిటెడ్‌కైతే అమ్మకాలు సున్నా అయినా ఆడిట్ తప్పదు.

జవాబు 2: బిల్లు ఓనరు పేరు మీదున్నా పర్లేదు. రిజిస్ట్రేషన్‌కి చిరునామా రుజువుగా రెండు నెలలు దాటని ఈపీడీసీఎల్ (కరెంటు సంస్థ) బిల్లు, ఓనరు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), అద్దె అగ్రిమెంటు పెట్టండి. ఫారం వెనక్కొచ్చేది ఎక్కువగా ఇక్కడే: బిల్లులో పాత డోర్ నంబరు, అగ్రిమెంటులో కొత్తది. పాన్, ఆధార్‌లలో పేరు ఒకేలా ఉందో లేదో డిజిటల్ సంతకం తీసుకోకముందే చూసుకోండి. తర్వాత ఫిల్లిప్ ఫారం (ఎల్‌ఎల్‌పీ రిజిస్ట్రేషన్ దరఖాస్తు). సంస్థకి కావాల్సిన పేరు కూడా అందులోనే అడగొచ్చు.

జవాబు 3: అసలు సంగతి ఎవరూ చెప్పలేదు. బ్యాంకు లోనుకి మీరిద్దరూ వ్యక్తిగత హామీ సంతకం పెడితే ఆ అప్పు నుంచి ఎల్‌ఎల్‌పీ కాపాడదు, ఇల్లూ లెక్కలోకొస్తుంది. ఇనుము అరువిచ్చే సప్లయర్ల బాకీలకైతే రక్షణ ఉంటుంది, బిల్లులన్నీ సంస్థ పేరు మీదే తీసుకుంటే. రిజిస్ట్రేషనైన 30 రోజుల్లో మీ ఇద్దరి మధ్య ఎల్‌ఎల్‌పీ ఒప్పందాన్ని ఫారం 3లో వేయాలి. ఏటా మే 30కి ఫారం 11 (వార్షిక రిటర్ను), అక్టోబరు 30కి ఫారం 8 (జమాఖర్చుల లెక్కలు). వ్యాపారం జరగకపోయినా వేయాల్సిందే.