డ్రాయింగ్ ఫైల్ తెరుచుకోవడం లేదు, ఏదైనా దారి చెప్పండి

ప్రశ్న:
ఆటోక్యాడ్‌లో (ప్లాన్లు గీసే సాఫ్ట్‌వేర్) ఇంటి ప్లాన్ సేవ్ అవుతుండగానే కరెంటు పోయింది. ఇప్పుడు ఫైల్ తెరిస్తే ఎర్రర్ వస్తోంది, సైజు మాత్రం మామూలుగానే చూపిస్తోంది. మూడు వారాల పని అండీ, చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు:
ముందు ఆ ఫైల్‌కి కాపీ తీయండి, ఏ ప్రయత్నమైనా కాపీ మీదే చేయండి. కమాండ్ లైన్‌లో రికవర్ అని కొట్టి దాన్ని ఎంచుకోండి. కుదరకపోతే అదే ఫోల్డర్‌లో అదే పేరుతో బీఏకే ఫైల్ ఉంటుంది చూడండి, అది అంతకుముందు సేవ్ చేసినప్పటి డ్రాయింగ్, పేరు చివర ఉండే ఎక్స్‌టెన్షన్‌ని డీడబ్ల్యూజీగా (ఆటోక్యాడ్ డ్రాయింగ్ ఫైల్ రకం) మార్చి తెరవండి. నా పని రెండుసార్లు ఇలాగే దక్కింది.

మరో జవాబు:
టెంప్ (తాత్కాలిక ఫైళ్ల) ఫోల్డర్‌లో ఆటోసేవ్ ఫైల్ కూడా వెతకండి. ప్రోగ్రామ్‌ను మామూలుగా మూస్తే అది చెరిగిపోతుంది గానీ, మీకు మధ్యలో ఆగిపోయింది కాబట్టి ఉండొచ్చు. ఎన్ని నిమిషాలకోసారి ఆటోసేవ్ అవ్వాలో చెప్పే సేవ్‌టైమ్ సెట్టింగ్ మొదట్లో 10 నిమిషాలు ఉంటుంది, నేను 5 పెట్టుకున్నాను.

ప్రశ్న అడిగినవారు:
రికవర్‌తో కాలేదు, బీఏకే తెరుచుకుంది! నిన్న సాయంత్రం వరకు చేసిందంతా ఉంది. చాలా థాంక్స్ అండీ.

జవాబు:
హమ్మయ్య. వెంటనే ఆడిట్ (ఫైల్‌లో తప్పులు వెతికి సరిచేసే కమాండ్) నడిపి, పర్జ్ (వాడనివి తీసేసే కమాండ్) చేసి, కొత్త పేరుతో సేవ్ చేయండి. రోజూ పని ముగించేటప్పుడు తేదీ వేసి వేరే డిస్క్‌లో ఒక కాపీ పెట్టండి, బీఏకే అదే డిస్క్‌లో ఉంటుంది కాబట్టి డిస్క్ పోతే రెండూ పోతాయి.