మాస్క్ తీసిన విద్యార్థి ఒక్కసారిగా పైకి దూసుకుపోతే శిక్షకుడు ఏం చేయాలి?

కొత్తఈత:
మా స్కూబా డైవింగ్ (గాలి సిలిండర్‌తో నీటి అడుగున ఈదడం) ఓపెన్ వాటర్ శిక్షణలో జరిగిన ఒక ఘటన గురించి అనుభవజ్ఞుల అభిప్రాయం తెలుసుకోవాలని రాస్తున్నాను. సుమారు 6 మీటర్ల లోతులో అందరం మోకాళ్ల మీద కూర్చుని, ఒకరి తరువాత ఒకరు మాస్క్ పూర్తిగా తీసి మళ్లీ పెట్టుకునే అభ్యాసం చేస్తున్నాము. నా పక్కనున్న అమ్మాయి మాస్క్ తీయగానే ముక్కులోకి నీళ్లు వెళ్లినట్టున్నాయి. నోటిలోని రెగ్యులేటర్‌ను (సిలిండర్ గాలిని నోటికి అందించే పరికరం) లాగి పారేసి, నేలను తన్ని పైకి లేచింది. శిక్షకుడు ఆమె జాకెట్ (గాలి నింపితే మనిషిని తేల్చేది) పట్టీని వదలకుండా, తన రెండో రెగ్యులేటర్‌ను ఆమె నోటికి అందిస్తూ ఆమెతోపాటే పైకి వెళ్లారు. ఆమె క్షేమంగానే ఉంది, కొంచెం దగ్గు, అంతే. అయితే బయటికి వచ్చాక ఒకరు ఆమెను కిందనే గట్టిగా పట్టి ఉంచాల్సిందని, మరొకరు మిగిలిన వాళ్లను వదిలి వెళ్లడమే తప్పని వాదించుకున్నారు. మీరేమంటారు?

అలలబడి:
నేను శిక్షణ ఇచ్చే వృత్తిలోనే ఉన్నాను. రెగ్యులేటర్ నోట్లో ఉండి ఊపిరి ఆడుతున్నంతసేపు భుజం పట్టీ పట్టుకుని, కళ్లలోకి చూస్తూ, నెమ్మదిగా శ్వాస తీసుకోమని చేత్తో చూపిస్తూ కొన్ని క్షణాలు నిలబెట్టడంలో తప్పు లేదు. చాలామంది అక్కడే కుదుటపడతారు. రెగ్యులేటర్ నోట్లో లేని, ఇచ్చినా తీసుకోని మనిషిని కింద పట్టి ఉంచడమంటే మన చేతులతో ముంచడమే. అప్పుడు వెంట వెళ్లాలి, కానీ వేగాన్ని మన అదుపులోకి తెచ్చుకోవాలి. నేనైతే నా జాకెట్‌లోని గాలి వదిలేసి, కాళ్లకు తొడిగిన ఫిన్లు అడ్డంగా పెట్టి బరువుగా వేలాడతాను, కళ్లు మాత్రం విద్యార్థి నోటి దగ్గరి బుడగల మీదే ఉంచుతాను. బుడగలు ఆగాయంటే ఊపిరి బిగపట్టినట్టే. 6 మీటర్ల దగ్గర పీడనం ఉపరితలం కంటే 1.6 రెట్లు కాబట్టి, గొంతు మూసుకుని పైకి వచ్చిన వారి ఊపిరితిత్తులలోని గాలి అంతమేరకు వ్యాకోచించాలని చూస్తుంది. పైకి చేరగానే మాటలతో ఓదార్చడం తరువాత సంగతి, ముందు జాకెట్‌లో గాలి నింపాలి, అవసరమైతే మునగడానికి కట్టుకున్న బరువులు వదిలేయాలి.

నిజానికి ఇదంతా మాస్క్ తీయకముందే మొదలవుతుంది. విద్యార్థికి ఎదురుగా, చేయి చాచితే అందేంత దగ్గరలో, ఒక చేయి భుజం పట్టీ మీద, రెండోది రెగ్యులేటర్ పక్కన ఉంచుకోవాలి. కళ్లు పెద్దవి కావడం, బుడగలు ఎడతెగకుండా రావడం, చేయి పదేపదే మాస్క్ మీదికి పోవడం కనిపిస్తే, వేళ్లతో "బాగున్నాను" అని సైగ చేసినా నేను నమ్మను.

రెండో వాదన విషయానికి వస్తే, కింద సహాయకుడు ఎవరైనా ఉన్నారా?

కొత్తఈత:
ఉన్నారు. మా వెనుక ఒక డైవ్‌మాస్టర్ (శిక్షకుడికి సహాయపడే అర్హత ఉన్న డైవర్) ఉన్నారు. ఆయన మమ్మల్ని దగ్గరికి చేర్చి, అందరినీ కలిపి నిదానంగా పైకి తెచ్చారు.

అలలబడి:
అయితే మిమ్మల్ని వదిలేసి వెళ్లినట్టు కాదు. ప్రధాన సంస్థల నియమాలు ఓపెన్ వాటర్‌లో ఒక శిక్షకుడికి గరిష్ఠంగా 8 మంది విద్యార్థులను అనుమతిస్తాయి. కానీ ఒకరితో పైకి వెళితే మిగిలిన ఏడుగురి సంగతేమిటన్న ప్రశ్నకు నీటిలో దిగకముందే జవాబు ఉండాలి. సహాయకుడు లేనప్పుడు నలుగురిని మించి తీసుకెళ్లడానికి నేను ఒప్పుకోను. దృశ్యత తక్కువగా ఉంటే ఇద్దరే.

రాత్రిడ్యూటీ:
వైద్యుడిగా నన్ను ఆపింది "కొంచెం దగ్గు, అంతే" అన్న మాట. నీళ్లు మింగినందువల్ల వచ్చిన దగ్గు కావచ్చు. ఊపిరితిత్తులకు తగిలిన గాయమూ కావచ్చు. నిండు ఊపిరి బిగపట్టి ఒక మీటరు పైచిలుకు లోతు నుంచి లేచినా ఆ గాయం జరగవచ్చు కాబట్టి, లోతు తక్కువే కదా అన్న ధీమా పనికిరాదు. ఛాతీ నొప్పి, గొంతు మారడం, మెడ దగ్గర చర్మం కింద నొక్కితే చిటపటలాడడం, కఫంలో రక్తం, ఒక వైపు బలహీనత, తికమక మాటలు, వీటిలో ఏది కనిపించినా వెల్లకిలా పడుకోబెట్టి, నూరు శాతం ఆక్సిజన్ ఇస్తూ ఆసుపత్రికి తరలించాలి. గాలి బుడగలు రక్తంలోకి చేరి మెదడును తాకితే లక్షణాలు సాధారణంగా పైకి వచ్చిన పది నిమిషాలలోపే బయటపడతాయి. ఆక్సిజన్ పెట్టాక తగ్గినట్టు అనిపించినా వైద్య పరీక్ష మానకూడదు. ఆమెను ఎవరైనా పరీక్షించారా?

నిదానమే:
మాస్క్ లేకుండా ఉండలేక పైకి పారిపోయిన వాళ్లలో నేనూ ఒకరిని. మా శిక్షకురాలు ఆ రోజుకు నన్ను మళ్లీ నీటిలోకి దింపలేదు. తరువాత నడుము లోతు కొలనులో నిలబడి, మాస్క్ లేకుండా ముఖం ముంచి, నోటితో పీల్చి ముక్కుతో వదలడం ఒక్కటే చేయించారు. ఆ పని విసుగు పుట్టేంత మామూలైపోయాకే లోతుకు తీసుకెళ్లారు. ఆ అమ్మాయికి ధైర్యం చెప్పేవాళ్ల కంటే ఇలాంటి అభ్యాసం చేయించేవాళ్లు అవసరం.

నీటితూకం:
పైకి దూసుకుపోయే విద్యార్థి గురించే మాట్లాడుతున్నాం, మునిగిపోయే విద్యార్థినీ మరచిపోకూడదు. 2020లో అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో ఒక సరస్సులో శిక్షణ డైవ్ సందర్భంగా ఒక యువతి మరణించింది. ఆమె డ్రైసూట్‌కు (ఒంటికి నీరు తగలనివ్వని సూట్) లోపలికి గాలి పంపే గొట్టం కలపనే లేదు, ఒంటి మీద బరువులు మితిమీరి ఉన్నాయి. లోపలికి గాలి పంపే వీలు లేక, లోతుకు పోయేకొద్దీ నీటి పీడనానికి సూట్ బిగుసుకుపోయింది. గొట్టం కలిసిందా, బరువు సరిపోయిందా, దాన్ని ఒక్క లాగుతో వదిలించుకోగలరా అన్నవి పైనే చూడవలసినవి. ఇంకొక మాట, మోకాళ్ల మీద కూర్చోబెట్టి నేర్పడం నాకు నచ్చదు. నేలను తాకకుండా నీటి మధ్యలో తేలుతూ నేర్చుకున్నవారికి తన్ని లేవడానికి నేలే ఉండదు.

అలలబడి:
మొదటి మాటతో ఏకీభవిస్తాను. రెండోదానితో పూర్తిగా కాదు. తేలడమే ఇంకా రాని వారికి మాస్క్ తీయడం కూడా జతచేస్తే ఒకేసారి రెండు భయాలు పెట్టినట్టవుతుంది.

కొత్తఈత:
రాత్రిడ్యూటీ గారూ, ఆమెను ఎవరూ పరీక్షించలేదు. ఇప్పుడే ఫోన్ చేశాను. దగ్గు తగ్గలేదట, గొంతు కూడా కాస్త బొంగురుపోయిందట.

రాత్రిడ్యూటీ:
తెల్లారేదాకా ఆగవద్దు. ఇప్పుడే అత్యవసర విభాగానికి తీసుకెళ్లి, డైవింగ్ చేసి వేగంగా పైకి వచ్చిందని మొదటి మాటగా చెప్పండి. చెప్పకపోతే దాన్ని మామూలు జలుబుగా చూసే అవకాశం ఉంది.