చైనా లోపలి ఊళ్ళో యూనివర్సిటీ ఉద్యోగం: పీహెచ్‌డీ చేసినవాళ్ళు ఒప్పుకోవచ్చా?

కొత్తపీహెచ్‌డీ
హునాన్ ప్రావిన్స్. రాజధాని చాంగ్షా కాదు, ఇంకా లోపలి ఊరు. ప్రభుత్వ యూనివర్సిటీయే కానీ 985, 211 జాబితాల్లో (చైనా ప్రభుత్వం ఎంచిన మేటి యూనివర్సిటీల జాబితాలు) లేదు. మెటీరియల్స్ సైన్స్. నెలకు 11,000 యువాన్లు, 12 నెలలూ ఇస్తారు. క్యాంపస్‌లో ఉచిత క్వార్టర్, ఏడాదికోసారి రానుపోను టికెట్, వారానికి 16 పీరియడ్లు, ఏడాది కాంట్రాక్టు. ఇక్కడి ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీ జీతంతో పోలిస్తే ఎంతో మెరుగు. వెళ్ళడం మంచిదా, ముందుముందు నష్టమా?

చాక్‌పీస్
నేనైతే వద్దనే అంటాను. జీతం అంకె ఒక్కటే చూస్తున్నారు. 16 పీరియడ్లంటే 45 నిమిషాల చొప్పున, రెండేసి కలిపి ఎనిమిది క్లాసులు. అది ఒకే కోర్సు నాలుగు సెక్షన్లకా, నాలుగు వేర్వేరు కోర్సులా? మొదటిదైతే హాయిగా గడుస్తుంది. రెండోదైతే సెమిస్టరంతా స్లైడ్లు తయారుచేసుకోవడమే సరిపోతుంది, పరిశోధన అటకెక్కుతుంది. పేపర్లు లేకుండా రెండేళ్ళు గడిపి తిరిగొస్తే ఇక్కడ ఇంటర్వ్యూ బోర్డు ముందు ఏం పెడతారు?

లెక్కలపుస్తకం
పరిశోధన మాట నిజమే. డబ్బు లెక్క కూడా పూర్తిగా చూడండి. ఏడాదికి 1,32,000 యువాన్లు. అందులో నెలకు 5,000 చొప్పున 60,000 మినహాయింపు. మిగిలిన 72,000లో మొదటి 36,000 మీద 3 శాతం, తర్వాతి 36,000 మీద 10 శాతం. మొత్తం పన్ను 4,680. యువాన్ సుమారు 12 రూపాయలనుకుంటే పన్ను పోగా ఏడాదికి పదిహేను లక్షల పైమాటే. అద్దె లేదు, క్యాంటీన్ భోజనం చవక.

ఒక్కటి గుర్తుంచుకోండి. అక్కడ పన్ను జనవరి నుంచి కూడుకుంటూ వస్తుంది. మొదటి ఆరు నెలలు నెలకు 180 కోస్తారు, ఏడో నెల నుంచి 600. జూలైలో కోత పెరిగిందని అకౌంట్స్ విభాగంతో గొడవపడొద్దు. పైగా సామాజిక బీమా అమలు చేసే ఊరైతే ఉద్యోగి వాటాగా పెన్షన్ 8, వైద్యం 2, నిరుద్యోగం ఊరిని బట్టి 0.5 శాతం దాకా జీతంలోంచి పోతాయి. దేశం విడిచి వచ్చేటప్పుడు పెన్షన్ సొంత ఖాతాలోని సొమ్ము తీసుకోవచ్చు, అడిగితేనే ఇస్తారు. 2024 డిసెంబర్ 1 నుంచి వర్క్ పర్మిట్‌ను సామాజిక భద్రతా కార్డుతో కలిపేశారు కాబట్టి ఈ కోత ఉంటుందో లేదో ముందే అడగాలి.

ఇంటికి డబ్బు పంపాలంటే పన్ను కట్టినట్టు ధ్రువపత్రం, అంటే ‘వాన్‌షుయ్ జెంగ్‌మింగ్’, దానితోపాటు కాంట్రాక్టు, పాస్‌పోర్టు బ్యాంకులో చూపాలి. అవి లేకపోతే రోజుకు 500 డాలర్ల విలువకు మించి మార్చరు.

మానేరు
కాగితాలు ఇప్పుడే మొదలుపెట్టమని అందరూ అంటారు. ఏ వరుసలో వెళ్ళాలో మాత్రం చెప్పరు. పీహెచ్‌డీ పట్టాకు ముందు రాష్ట్ర స్థాయి హెచ్‌ఆర్‌డీ అటెస్టేషన్ (పట్టా అసలుదేనని రాష్ట్ర విద్యాశాఖ వేసే ముద్ర), తర్వాత మన విదేశాంగ శాఖ, ఆపైన చైనా రాయబార కార్యాలయం. పోలీస్ క్లియరెన్స్ పాస్‌పోర్టు ఆఫీసులో తీసుకోవాలి. అది ఆరు నెలల లోపుదై ఉండాలి కనుక పట్టా పని సగం అయ్యాక తీసుకోండి. ముందే తీసుకుంటే పట్టా తిరిగొచ్చేసరికి దీని గడువు అయిపోతుంది, మళ్ళీ మొదటికి.

తుంగభద్ర
ఇంత తతంగం ఎందుకు? 2023 నవంబర్ 7 నుంచి చైనాలో అపోస్టిల్ (అంతర్జాతీయ ఒప్పందం కింద, రాయబార కార్యాలయం ముద్రకు బదులు సొంత దేశమే ఇచ్చే ధ్రువీకరణ) చెల్లుతోంది కదా. ఒక్క స్టిక్కర్ చాలు.

మానేరు
ఆ ఒప్పందంలో చైనా చేరింది నిజం, మనకు వర్తించదు. చైనా చేరికకు భారత్ అభ్యంతరం చెప్పింది, అందుకే ఈ రెండు దేశాల మధ్య ఆ ఒప్పందం అమల్లోకి రాలేదు. అమెరికా పట్టా ఉన్నవాళ్ళు ఆ పట్టాకు అక్కడి అపోస్టిల్ వాడుకోవచ్చు. ఉస్మానియా, ఆంధ్రా వర్సిటీ పట్టాలకు రాయబార కార్యాలయం ముద్ర పడాల్సిందే.

మనవాళ్ళకు ఇంకో చిక్కు ఇంటిపేరుతో. పట్టా మీద ‘కె. వెంకట రమణ’, పాస్‌పోర్టులో ‘కొండపల్లి వెంకటరమణ’. మనకిది మామూలే, కానీ అక్కడ పర్మిట్ దరఖాస్తు చూసే అధికారి అక్షరానికి అక్షరం సరిచూస్తాడు. పేరు విడిపోయినా కలిసిపోయినా ఫైలు వెనక్కి వస్తుంది. రెండు పేర్లూ ఒకరివేనని నోటరీ అఫిడవిట్ చేయించి, దాన్నీ పట్టాతోపాటే అటెస్టేషన్‌కు పంపండి. తర్వాత విడిగా పంపితే అంత కాలమూ మళ్ళీ పడుతుంది.

యూనివర్సిటీ వర్క్ పర్మిట్ నోటిఫికేషన్ లెటర్ పంపాకే జెడ్ వీసా, అంటే ఉద్యోగ వీసా. ఆ వీసాలో బస రోజుల గడిలో 000 అని ఉంటుంది, కంగారు పడకండి, బస గడువు తర్వాత రెసిడెన్స్ పర్మిట్‌లో వస్తుంది. దిగిన 24 గంటల్లో పోలీసుల దగ్గర చిరునామా నమోదు, 15 రోజుల్లో వర్క్ పర్మిట్ దరఖాస్తు, 30 రోజుల్లో రెసిడెన్స్ పర్మిట్ దరఖాస్తు. మధ్యలో ఎక్స్‌రే, ఈసీజీ, రక్తపరీక్షలతో వైద్య పరీక్ష ఉంటుంది. ‘ముందు బిజినెస్ వీసా మీద వచ్చేయండి, ఇక్కడికొచ్చాక మారుస్తాం’ అనే ఏజెంటును అక్కడితో వదిలేయండి.

తుంగభద్ర
అపోస్టిల్ విషయంలో పొరపాటు నాదే, ఒప్పుకుంటాను. వెళ్ళొద్దనడం మాత్రం ఒప్పుకోను. అలాంటి ఊళ్ళలోని వైద్య విశ్వవిద్యాలయాల్లో మన తెలుగు పిల్లలే ఎంబీబీఎస్ చదువుతున్నారు. మన జాతీయ వైద్య కమిషన్ (ఎన్‌ఎంసీ) 2021 నిబంధనల ప్రకారం 54 నెలల కోర్సు ఇంగ్లీషులోనే సాగాలి, పైన 12 నెలల ఇంటర్న్‌షిప్. ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ ఇంగ్లీషులో చెప్పగల అధ్యాపకులు లేకపోతే నష్టపోయేది ఆ పిల్లలే. ఆ కొరత మనవాళ్ళకు అవకాశం.

చాక్‌పీస్
అవకాశమే, కానీ ఆ కొమ్మ ఎంత గట్టిదో చూసుకోవాలి. 2020లో వీసాలు ఆగిపోయి 2022 ఆగస్టు దాకా మన విద్యార్థులు తిరిగి వెళ్ళలేకపోయారు. విదేశీ విద్యార్థుల మీద నడిచే కోర్సుకు పిల్లలు రాకపోతే మీ ఏడాది కాంట్రాక్టును మళ్ళీ రాయరు. అడిగినవారిది మెటీరియల్స్ సైన్స్, ఎదురుగా కూర్చునేది చైనా విద్యార్థులు. వాళ్ళు అక్కడి కాలేజీ ఇంగ్లీషు పరీక్ష సీఈటీ-4లో 710కి 425 దాటి ఉన్నా, చదివితే అర్థమవుతుంది కానీ వింటే అందదు. పాఠానికి ముందు రోజే స్లైడ్లు గ్రూపులో పెట్టాలి. సాంకేతిక పదాలకు పక్కనే చైనీస్ మాట రాసి జాబితా ఇవ్వాలి. లేదంటే యాభైమంది తలలు ఫోన్లలోకి వంగుతాయి. దాన్ని క్రమశిక్షణ లోపం అనకండి, చెప్పింది అందలేదు, అంతే.

సిలబస్
ఇద్దరూ వదిలేసింది పరీక్షల ఫైలు. కొత్తవాళ్ళను ఏడిపించేది అదే. ప్రతి కోర్సుకూ ఒకే స్థాయిలో రెండు ప్రశ్నపత్రాలు, ‘ఎ’, ‘బి’, తయారుచేయాలి. ఒకటి పరీక్షకు, రెండోది తప్పినవాళ్ళకు. రెండింటికీ జవాబులు, ఏ మెట్టుకు ఎన్ని మార్కులో పట్టిక ఉండాలి. దిద్దడం ఎర్ర కలంతోనే. ఎక్కడైనా అంకె కొట్టేసి మారిస్తే పక్కనే మీ సంతకం పడాలి, లేకపోతే తనిఖీలో ఆ పేపరు పట్టుబడుతుంది. క్లాసు పనికి ఇచ్చే ‘పింగ్‌షి చెంగ్‌జీ’ మొత్తం మార్కుల్లో సాధారణంగా 30 నుంచి 40 శాతం. హాజరుకు ఎంత, అసైన్‌మెంటుకు ఎంత అని మొదటి వారమే రాసిపెట్టుకోవాలి. చివర్లో మార్కుల పంపిణీ విశ్లేషణ రాసి, వరుస ప్రకారం అన్నీ కుట్టి ఇవ్వాలి. అందరికీ 90 వేసినా, సగంమందిని తప్పించినా సంజాయిషీ అడుగుతారు. సెమిస్టర్ మొదట్లోనే పాత ఫైలు ఒకటి అడిగి తెచ్చుకుని దాని నమూనాలోనే నడవండి. సగం శ్రమ తగ్గుతుంది.

క్యాలెండర్ సంగతి కూడా. అక్టోబర్ జాతీయ దినోత్సవ సెలవులకు బదులు శని, ఆదివారాల్లో క్లాసులు పెడతారు. అది చూసుకోకుండా టికెట్లు కొనకండి. చిన్‌లింగ్ కొండలు, హువాయ్ నది గీతకు దక్షిణాన కేంద్రీకృత హీటింగ్ ఉండదు. హునాన్ ఆ గీతకు కిందే. జనవరిలో తేమతో కూడిన చలి ఎముకల్లోకి దిగుతుంది. క్వార్టర్‌లో వేడిగాలి ఇచ్చే ఏసీ ఉందా అని ఫొటోతో సహా అడగండి.

లెక్కలపుస్తకం
చాక్‌పీస్ గారు మొదట్లో అడిగిన ఇంటర్వ్యూ బోర్డు ప్రశ్నకు వద్దాం. తిరిగొచ్చాక ఆ సర్వీసు లెక్కలోకి వస్తుందా? యూజీసీ 2018 నిబంధనలు విదేశీ సర్వీసునూ లెక్కించమంటాయి, షరతులతో. కాంట్రాక్టు ఉద్యోగమైతే అర్హతలు సరిపోవాలి, సరైన సెలక్షన్ కమిటీ ద్వారా నియామకం జరగాలి, జీతం రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్ స్థూల జీతానికి తగ్గకూడదు. ఇక్కడ మూల వేతనం 57,700, డీఏతో కలిపినా మీ 11,000 యువాన్ల కంటే తక్కువే, అంటే జీతం షరతు దాటుతారు. కాబట్టి ఇంటర్వ్యూ జరిగినట్టు, కమిటీ ఎంపిక చేసినట్టు ఇంగ్లీషులో లేఖ, నెలవారీ జీతం స్లిప్పులు అక్కడ ఉండగానే ముద్రతో తీసుకోండి. ఉద్యోగం వదిలాక ఈమెయిల్ పెడితే జవాబు రాకపోవచ్చు.

మానేరు
వదిలేటప్పుడు ముఖ్యమైన కాగితం ఇంకొకటి ఉంది, ‘లిజీ జెంగ్‌మింగ్’, అంటే రిలీవింగ్ లెటర్. అది, దానితో వర్క్ పర్మిట్ రద్దు పత్రం లేకుండా చైనాలో మరో యూనివర్సిటీ మిమ్మల్ని తీసుకోలేదు. మధ్యలో మానేస్తే నష్టపరిహారం ఎంత, ఎన్ని రోజుల్లో ఈ లెటర్ ఇస్తారు, ఈ రెండూ కాంట్రాక్టులో ఉండాలి. తేడా వస్తే చైనీస్ ప్రతే చెల్లుతుందని చివర్లో రాసి ఉంటే, ఆ ప్రతిని తెలిసినవాళ్ళతో చదివించుకోండి.

కొత్తపీహెచ్‌డీ
అందరికీ ధన్యవాదాలండీ. అడిగాను. రెండు కోర్సులు, రెండేసి సెక్షన్లట. ఏసీ ఉంది. కానీ ఉద్యోగ వివరణలో ‘అవసరమైతే ఓరల్ ఇంగ్లీష్ క్లాసులు’ అనీ ఉంది.

చాక్‌పీస్
రెండు కోర్సులైతే నా అభ్యంతరం చాలావరకు తీరింది. ఆ వాక్యం మాత్రం తీయించండి. భాషా బోధనకు ఆ భాష మాతృభాషగా ఉన్న దేశపు పాస్‌పోర్టు ఉండాలన్నది అక్కడి నియమం, ఇంగ్లీషుకు మన పాస్‌పోర్టును ఆ లెక్కలోకి తీసుకోరు. పర్మిట్‌లో రాసిన పనికి బయట ఏది చేసినా, ఊళ్ళో సాయంత్రం ట్యూషన్ సెంటరైనా, చట్టవిరుద్ధ ఉపాధి కిందికి పోవచ్చు. దానికి జరిమానా 5,000 నుంచి 20,000 యువాన్లు, తీవ్రమైతే 5 నుంచి 15 రోజుల నిర్బంధం. ‘మెటీరియల్స్ సైన్స్ బోధన, పరిశోధన’ అని మాత్రమే ఉండేలా కొత్త ప్రతి పంపమనండి. అది వచ్చేదాకా సంతకం పెట్టకండి.