సంక్రాంతి తర్వాత టొరంటో: మద్రాసు మనుషులం, ఆ చలికి ఆగగలమా?

మైలాపూరు వాసి:
అందరికీ నమస్కారం. మద్రాసులోనే పుట్టి పెరిగిన తెలుగువాళ్ళం. సంక్రాంతి అయ్యాక నేనూ మా ఆవిడా టొరంటో వెళ్దామనుకుంటున్నాం. అక్కడ చుట్టాలెవరూ లేరు, పనీ లేదు, ఊరు చూడ్డానికే. డిసెంబరులో వెళ్దామంటే కచేరీల సీజను వదిలి రానంది. కానీ మంచు పడుతుంటే చూడాలని తనకి ఏళ్ళనాటి కోరిక. ట్రావెల్స్ అతనేమో "జనవరిలో ఏముంటుంది సార్, మే నెలలో వెళ్ళండి" అంటున్నాడు. మార్గళి (ధనుర్మాసం) తెల్లవారుజామునే శాలువా కప్పుకుంటాం, మైనస్ 10 తట్టుకోగలమా? ఆవిడకి మోకాలి నొప్పి, జారిపడుతుందేమోనని నా బెంగ. చీర తప్ప కట్టదు. ఇద్దరం శాకాహారులం. వారం సరిపోతుందా? చలికాలంలో నయాగరా మూసేస్తారా?

కొట్టూరుపురం అక్క:
అన్నయ్యగారూ, నిశ్చింతగా వెళ్ళిరండి. మావారూ నేనూ జనవరి నెలాఖరులోనే వెళ్ళొచ్చాం. నేను చెప్పేది ఒక్కటే. అక్కడ అప్పుడు పగలు చాలా చిన్నది. ఎనిమిదికి కాస్త ముందు తెల్లారుతుంది, అయిదు దాటగానే పొద్దుపోతుంది. అందుకని ఆరుబయట చూసేది రోజుకి ఒక్కటే పెట్టుకోండి, అదీ పదకొండుకీ మూడింటికీ మధ్య. మిగతాదంతా కప్పు కిందే. అలాగైతే వారం చక్కగా సరిపోతుంది. రోజుకి అయిదు చోట్లని రాసుకుంటే మాత్రం మూడో రోజుకే ఇద్దరూ మంచమెక్కుతారు.

అందరూ కోటు గురించి చెప్తారు, నేను కాళ్ళ గురించి చెప్తాను. మంచు పడుతున్నప్పుడు ఎంత చూసినా తనివి తీరదు. మర్నాటికి అదే రోడ్డు పక్కకి చేరి, మీద ఉప్పు చల్లేసరికి బూడిదరంగు జావలా అవుతుంది. రోడ్డు దాటేచోట చూడ్డానికి గట్టి నేలే అనిపిస్తుంది, కాలు పెడితే చీలమండ దాకా దిగిపోతుంది. నీళ్ళు చొరని, చీలమండ పైకి వచ్చే బూట్లు కావాలి. రోజూ వాకింగుకి వేసుకునే షూ అక్కడ పనికిరాదు. వదినగారికి బూటు అడుగున తొడుక్కునే ఇనుప ముళ్ళ పట్టీలు కొనండి, అక్కడ దొరుకుతాయి. షాపుల్లోకి వెళ్ళేముందు మాత్రం తీసేయాలి, నున్నటి నేల మీద అవే జారతాయి. ఫుట్‌పాత్ మీద నల్లగా నిగనిగలాడుతుంటే తడి అనుకోకండి, అది ఐసు. చిన్న చిన్న అడుగులు వేయమనండి.

చీర సంగతి వదినగారికి నా మాటగా చెప్పండి. కుచ్చిళ్ళు ఆ నీళ్ళలో తడిస్తే అంచు గడ్డకట్టి కాళ్ళకి కొట్టుకుంటుంది. బయట తిరిగేటప్పుడు థర్మల్స్, మీద సల్వార్ కమీజు, దానిపైన స్వెట్టర్, అన్నిటికీ పైన గాలి చొరని కోటు. ఒంటికి ఆనుకుని నూలుబట్ట వద్దు, చెమట పీల్చుకుంటే ఆరదు, ఆ తడే వణికిస్తుంది. లోపల ఎక్కడ చూసినా హీటర్లే కాబట్టి ఒక్కొక్కటీ విప్పుకునేలా ఉండాలి. గుడికి వెళ్ళే రోజు కారు పెట్టుకోండి, చీర కట్టుకుంటారు.

నగరం నడిబొడ్డున నేల కింద పాత్ అనే నడకదారి ఉంది, మొత్తం 30 కిలోమీటర్ల పైమాటే. యూనియన్ స్టేషన్‌లో దిగి ఈటన్ సెంటర్ అనే షాపింగ్ మాల్ దాకా మంచు తగలకుండా నడవచ్చు. సీఎన్ టవర్‌కి టికెట్ ముందే కొనకండి. 553 మీటర్ల టవర్, మబ్బు పట్టిందంటే పైనుంచి ఏమీ కనబడదు. ఆకాశం తేటగా ఉన్న రోజు చూసుకుని సాయంత్రం నాలుగింటికి ఎక్కితే పగలూ దీపాలూ రెండూ చూడచ్చు. 342 మీటర్ల ఎత్తులో గాజు నేల ఉంది, దాని మీద నిలబడతారో లేదో మీ ఇష్టం. అలన్ గార్డెన్స్‌కి మాత్రం తప్పకుండా వెళ్ళండి. మొక్కలు పెంచడానికి 1910లో కట్టిన గాజు మందిరం, టికెట్ లేదు. తలుపు తీయగానే కళ్ళద్దాలకి ఆవిరి పట్టేసింది. తుడుచుకుని చూస్తే ఎదురుగా అరటిచెట్టు! మావారు అక్కడే బెంచీ మీద కూర్చుని అరగంట లేవలేదు.

ఇక నయాగరా. మూయరు. టొరంటో నుంచి 130 కిలోమీటర్లు, పొద్దున వెళ్ళి రాత్రికి వచ్చేయచ్చు. పడవలు తిరగవు, అది నిజమే. అందుకే జనం పలచగా ఉంటారు, కమ్మీ పట్టుకుని ఎంతసేపైనా నిలబడచ్చు. నయాగరాలో అన్నిటికన్నా పెద్దదైన హార్స్‌షూ జలపాతం 57 మీటర్ల నుంచి అదే జోరుగా పడుతూ ఉంటుంది. ఆ తుంపర లేచి కమ్మీల మీద, దీపస్తంభాల మీద, చెట్ల మీద పడి పడ్డచోటే గడ్డకడుతుంది. ఒక రెమ్మని దగ్గరికి వెళ్ళి చూశాను. మధ్యలో గోధుమరంగు మొగ్గ, చుట్టూ వేలెడు మందాన ఐసు, ఆ ఐసులో చిన్న చిన్న గాలిబుడగలు. కాసేపటికి గాలి మావైపు తిరిగింది, మావారి మఫ్లర్ అంచులకీ అదే పట్టింది. జలపాతం మొత్తం గడ్డకడుతుందని కొందరు చెప్తారు, అది కాదు. 1848 మార్చిలో నీళ్ళు ఆగిపోయింది కూడా ఎగువన ఈరీ సరస్సు మొగదల మంచుగడ్డలు అడ్డుపడినందుకే.

చలి పుడితే పక్కనే పాత కరెంటు కేంద్రం ఉంది. 1905లో మొదలుపెట్టి 2006లో ఆపేశారు, ఇప్పుడు చూడ్డానికి తెరిచారు. లిఫ్టులో 55 మీటర్లు కిందికి దిగితే 670 మీటర్ల సొరంగం, అది నేరుగా నది ఒడ్డుకి తీసుకెళ్తుంది. ఒకప్పుడు టర్బైన్లు తిప్పిన నీళ్ళు బయటికి పోయిన దారి అది. మెట్లు ఎక్కనక్కర్లేదు కాబట్టి వదినగారి మోకాలికి ఇబ్బంది ఉండదు. నన్నడిగితే సీఎన్ టవర్ కన్నా ఇదే గొప్పగా ఉంది.

స్కార్బరో తమ్ముడు:
అంకుల్, మాది అంబత్తూరు, ఇప్పుడు ఇక్కడే ఉద్యోగం. తిండికి బెంగ వద్దు. టొరంటో తూర్పువైపున్న స్కార్బరోలో శ్రీలంక తమిళులు చాలామంది, ఇడ్లీ దోసెలు దొరుకుతాయి, తమిళంలోనే మాట్లాడచ్చు. కెనడాలో జనవరిని తమిళ వారసత్వ మాసంగా జరుపుతారు, మీరు వచ్చేది అప్పుడే. పూటీన్ అని ఆలుగడ్డ వేపుడు అమ్ముతారు, దానిమీద పోసే గ్రేవీ చాలాచోట్ల మాంసంతో కాచిందే, అడిగి తినండి. ఎయిర్‌పోర్టు నుంచి యూనియన్ స్టేషన్‌కి రైలుంది, 25 నిమిషాలు. ఊళ్ళో బస్సు, ట్రామ్, సబ్‌వే దేనికైనా ఒకసారి టికెట్ తీస్తే రెండు గంటలు చెల్లుతుంది. ఫోన్ కోటు లోపలి జేబులో పెట్టుకోండి, చలికి చార్జింగ్ తొందరగా దిగిపోతుంది.

పెరంబూరు బాబాయి:
మెడికల్ ఇన్సూరెన్స్ లేకుండా విమానం ఎక్కవద్దు. మన టైముకి పదిన్నర గంటలు వెనక, బీపీ షుగరు మాత్రలుంటే వేళలు డాక్టరుని అడిగి రాయించుకోండి. మన ఉక్కపోతకి అలవాటైనవాళ్ళకి అక్కడి పొడిగాలికి ముక్కులో చెమ్మ ఆరి రక్తం వస్తుంది, పెదాలు పగులుతాయి. వాసెలిన్ దగ్గర పెట్టుకోండి.

మైలాపూరు వాసి:
అందరికీ ధన్యవాదాలు. మా ఆవిడకి అంతా చదివి వినిపించాను. సల్వార్‌కి ఒప్పుకుంది! అక్కయ్యగారూ, కోటూ బూట్లూ ఇక్కడే కొనాలా, అక్కడికెళ్ళాకా?

కొట్టూరుపురం అక్క:
థర్మల్స్, ఊలు సాక్సులు ఇక్కడే తీసుకోండి. కోటు, బూట్లు అక్కడే, క్రిస్మస్ అయ్యాక ధరలు తగ్గిస్తారు, ఆ చలికి తగ్గవీ దొరుకుతాయి. హోటలు చేరేదాకా ఒక మందపాటి జాకెట్, మంకీ క్యాప్, గ్లవ్స్ చేతిసంచీలో ఉంచుకోండి, చెకిన్ పెట్టెలో వేయకండి. దిగిన రోజు వేరే ఏమీ పెట్టుకోవద్దు, కోటూ బూట్లూ కొనుక్కుని పడుకోండి.